ఎడమకు లాగే బండి

ఆరోన్‌కి రెండు చేతులున్నాయన్న సంగతి శాలినికి పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకు ఇవాళే తెలిసింది, అంతకు ముందు తెలిసే అవకాశం ఆయన ఇవ్వలేదు, మంచినీళ్ళ గ్లాసు మోచేతి పక్కనే ఉన్నా శాలినీ నీళ్ళు అని కేకేసే మనిషి, కారు నడిపితే కుడి మోచెయ్యి కిటికీకి ఆనించి రెండంటే రెండు వేళ్ళతో స్టీరింగు తిప్పుతూ, ఎడం చెయ్యి గేరు రాడ్డు మీద ఊరికే పడేసి, పాల మీద మీగడ పక్కకు తీస్తున్నంత సుతారంగా విజయవాడ ట్రాఫిక్కును దాటించే మనిషి, అలాంటిది ఇవాళ పటమటలో ఇంటి గేటు దాటిన దగ్గర్నుంచీ రెండు చేతులూ స్టీరింగు మీదే, లైసెన్సు పరీక్షకొచ్చిన కుర్రాడిలా వీపు నిటారుగా పెట్టి, కిటికీ అద్దం కూడా ఎక్కించేసి, ఏసీ కోసమట, ఏసీ వెయ్యకుండానే, ఆ మాట చెబుదామా అనుకుంది శాలిని, అనుకుని మానేసింది, ఎందుకంటే ఇప్పుడు తను పక్క సీట్లో కూర్చున్న మనిషి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు సలహాలు చెప్పకూడదని, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఆ సీట్లోనే కూర్చుని తనకు సలహాలు చెప్పిన ఆరోనే వారం కిందట సెలవిచ్చాడు, వెనక సీట్లో అత్తగారు సువార్తమ్మ బైబిలు సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పాటల పుస్తకం పెట్టుకుని, అబ్బాయ్, నువ్వు నడుపుతుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందిరా అంటోంది, బండి ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు, ఆ హాయి ఎక్కణ్ణించి వచ్చిందో ఏమో, శాలినికి మాత్రం ఆయన మణికట్టు దగ్గర నరం ఉబ్బి కనపడుతోంది, ఆ నరం దేనికి ఉబ్బిందో తనకు తెలుసు, సరిగ్గా అక్కడే తనకూ నెల రోజులుగా ఉబ్బుతోంది.

అసలు ఇదంతా స్పీడు బ్రేకర్ల వల్ల వచ్చింది, కాదు, హార్మోనియం వల్ల, అదీ కాదు, స్త్రీల సమాజం వల్ల, ప్రతి శనివారం కంకిపాడు అవతల కాలవ గట్టు మీది పల్లెల్లో ఎవరో ఒకరింట్లో కూటం, సువార్తమ్మ అధ్యక్షురాలు, శాలిని కార్యదర్శి, కార్యదర్శి అంటే మినిట్సు రాసేదీ హార్మోనియం వాయించేదీ కారు నడిపేదీ ఒకరే, నలభై నాలుగో ఏట లైసెన్సు తెచ్చుకుని, రెండేళ్ళుగా శనివారం శనివారం అత్తగారినీ, మాణిక్యమ్మ గారినీ, తెరేసమ్మనూ, ఇంకెవరు వస్తే వాళ్ళనూ ఎక్కించుకుని ఆ గట్టు మీద వెళ్ళి రావడం, వారంలో మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క రోజు కోసమే వండి వార్చినట్టుండేది, బండిదేమో తొమ్మిదేళ్ళ వయసు, ఐదుగురు కూర్చుంటే వెనక భాగం చతికిలపడేది, ప్రతి స్పీడు బ్రేకరుకూ కడుపు రాసుకుని గర్రుమనేది, అలా గర్రుమన్నప్పుడల్లా వెనక సీట్లో వాళ్ళు ఒకళ్ళ నడుములు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు, మాణిక్యమ్మ గారు మాత్రం కాలవ వంక చూసేది, ఇది ఆరోన్ చెవిన పడింది, పడకుండా ఉండాల్సింది, ఆయన కొండపల్లి పక్కన థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు, చూసేవి బాయిలర్లు, అయినా తిరిగే చక్రం ఏది కనపడ్డా అది తన శాఖే అనుకుంటాడు, రెండు నెలల పాటు వీడియోలు చూశాడు, పప్పులో నెయ్యి వేస్తుంటే స్ప్రింగుల గురించి, పెరుగు వడ్డిస్తుంటే షాక్ అబ్జార్బర్ల గురించి, మజ్జిగ దాకా వచ్చేసరికి శాలినికి కూడా ఒక పరీక్ష పెడితే పాసయ్యేంత వచ్చేసింది, చివరికి మామూలు వాటికన్నా గట్టి స్ప్రింగులు, బండిని ఒకటిన్నర అంగుళం పైకి లేపేవి తెప్పించి ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు చేత వేయించాడు, ఉన్నమాట చెప్పాలి, అవి పని చేశాయి, ఆ తర్వాత ఒక్క స్పీడు బ్రేకరూ తగల్లేదు, కాకపోతే సువార్తమ్మ ఎక్కడానికి పీట కావాల్సి వచ్చింది, ఆ పీట ఇప్పుడు డిక్కీలో హార్మోనియం పక్కన కాపురం పెట్టింది.

బండి కొత్తది కాకపోతేనేం, ఎత్తు కొత్తది కదా, ప్రార్థన చేయించాల్సిందే అంది సువార్తమ్మ, ఆ ఇంట్లో మిక్సీకి కూడా ప్రార్థన అయ్యాకే చట్నీ, ఆమోసు పాస్టరు గారు ఐదింటికి టైమిచ్చారు, ఐదున్నరకు ఆయనకు ఇంకెక్కడో కూటం, ఐదుకు రెండు నిమిషాలుండగా ఆరోన్ ఆటోనగర్ నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి చర్చి ముందు ఆపాడు, పాస్టరు గారు ముందు బానెట్టు మీద చెయ్యి వేసి, తర్వాత చుట్టూ తిరిగి నాలుగు చక్రాల మీదా పేరు పేరునా చెయ్యి వేసి, ప్రభువా, ఈ చక్రములు నీ మార్గములోనే నడుచును గాక అని ఎంత బాగా ప్రార్థించారో, ముందు ఎడం చక్రం దగ్గర ఆయన ఇంకాస్త ఎక్కువ సేపు వంగి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది శాలిని, కానీ ఆయనకూ నడుం నొప్పి, కేకు ముక్కలు పంచుతూ అడిగింది కూడా, ఏమండీ, పనంతా అయిపోయినట్టేనా అని, అన్నీ అయిపోయాయి అన్నాడు ఆరోన్, కేకు నోట్లో పెట్టుకుంటూ, మనిషి కేకు తింటూ చెప్పిన మాటను ఎవరు అనుమానిస్తారు.

ఆ వచ్చిన మొదటి శనివారమే బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది, ఘోరంగా ఏం కాదు, చీరల కొట్టు ముందు నుంచి నడిచేటప్పుడు పక్కనున్న ఆడబడుచు ఎలా మొగ్గుతుందో అంతే, చెయ్యి కాస్త వదులు చేస్తే చాలు మెల్లగా ఎడమకు, ఎడమన బందరు కాలవ, నిండా నీళ్ళు, గుర్రపుడెక్క పూలతో సహా, ఇంటికొచ్చి చెబితే రోడ్డు కాలవ వైపు వాలి ఉంటుంది అన్నాడు ఆరోన్, కాబోలనుకుని పై వారం తిరుగు ప్రయాణంలో పట్టి చూసింది, తిరిగొచ్చేటప్పుడు కాలవ కుడి చేతి వైపు, అయినా బండి ఎడమకే, ఆ ముక్క చెబితే, రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి రెండు అంచులకూ వాలి ఉంటుంది శాలినీ, నీళ్ళు నిలవకుండా అలా వేస్తారు, అది ఇంజనీరింగు అన్నాడు, తను డిగ్రీలో ఫిజిక్సు, ఫస్టు క్లాసు, ఆ సంగతి ఆ ఇంట్లో కుక్కరు విజిలు రానప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు, మరి కొత్త స్ప్రింగులు వెయ్యక ముందు కూడా ఇదే రోడ్డు కదండీ అని అడిగింది, అప్పుడన్నాడు ఆ మాట, తాపీగా, చదువు చెప్పే మేష్టారిలా, ముందు బండి మెత్తగా ఉండేది, నీ తప్పులు అదే సర్దుకునేది, ఇప్పుడు గట్టిపడింది కదా, నీ చేతిలో ఏముంటే అదే రోడ్డు మీద కనపడుతుంది, అంత నీటుగా చెప్పాక ఎవరైనా నమ్ముతారు, అత్తగారు నమ్మింది, తెరేసమ్మ నమ్మింది, మాణిక్యమ్మ గారైతే నాకు ముందే తెలుసు అంది, బండిని అనుమానించడానికి దారి లేదు, నాలుగు చక్రాలకూ ప్రార్థన అయిపోయింది, బండిని అంటే పాస్టరు గారిని అన్నట్టు, ఇక ఆ కారులో ప్రార్థన కాకుండా మిగిలిన భాగం ఒక్కటే, డ్రైవరు, కాబట్టి ఆ వారం స్త్రీల సమాజం ప్రార్థనాంశాల్లో మూడోది, సోదరి శాలిని డ్రైవింగు కొరకు అని, మినిట్సు పుస్తకంలో శాలినే స్వహస్తాలతో రాసింది, రాసి సంతకం కూడా పెట్టింది, కార్యదర్శి కదా.

ఆ తర్వాతి శనివారం కాలవ నీళ్ళు ఆపే లాకు దగ్గర మలుపు, ఎదురుగా బస్సు, హారను కొట్టడానికి ఒక్క చెయ్యి తీసింది, అంతే, తీసిన ఆ ఒక్క క్షణంలో బండి తనంతట తాను ఎడమకు వెళ్ళింది, ఎడం పక్క రెండు చక్రాలూ తారు దిగి మట్టి అంచు మీదకు, మట్టి తడిగా ఉంది, జారింది, ఎవరో స్తోత్రం అన్నారు, ఎవరో అమ్మో అన్నారు, శాలిని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కుడికి లాగి బ్రేకు తొక్కింది, ఆగింది, ఎడం కిటికీలోంచి చూస్తే గట్టు లేదు, నీళ్ళే, నీళ్ళ మీద ఊదారంగు పూలు, అంత దగ్గరగా ఆ పూలను ఎప్పుడూ చూడలేదు, బాగున్నాయి కూడా అనుకుంది, అదేం బుద్ధో, అందరూ కుడి తలుపుల్లోంచి ఒకరి వెనక ఒకరు దిగారు, పీట అడక్కుండానే సువార్తమ్మ దిగింది, దిగి రోడ్డు మీద నిలబడే కొడుక్కి ఫోను చేసింది, అబ్బాయ్, నీ పెళ్ళాం మమ్మల్నందరినీ కాలవలో బాప్తిస్మమియ్యబోయిందిరా, ఆ మాటకు తెరేసమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూనే ఆటో ఆపింది, అందరూ ఆటోలో వెళ్ళిపోయారు, శాలిని ఒక్కతే హార్మోనియాన్ని ఎక్కించుకుని పటమట దాకా వచ్చింది, మర్నాడు చర్చి నుంచి వచ్చాక తీర్మానం అయింది, సోమవారం కాదు, పై సోమవారం నుంచి అంతోని అనే డ్రైవరు వస్తాడు, నెమ్మదస్తుడు, పదిహేనేళ్ళ అనుభవం, ఫ్రిజ్జు పక్కన మేకుకు వేలాడే తాళం ఆరోన్ జేబులోకి పోయింది, ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు, అదే బాధ, అంటే తిరిగి అనొచ్చు, నీ మంచికే శాలినీ, వయసు నలభై ఆరు, ఈ వయసులో ఎందుకీ టెన్షను అంటే ఏమంటాం, వారం రోజులుగా తను చపాతీ ఒత్తుతూ చూసుకుంటోంది, చపాతీ గుండ్రంగా వస్తోందా ఎడమకు సాగుతోందా అని, ఎడమకు సాగుతున్నట్టే ఉంది, ఇదివరకూ సాగేదేమో, ఎవరు చూశారు.

ఇదిగో ఇప్పుడు బందరు రోడ్డు మీద, మాణిక్యమ్మ గారూ తెరేసమ్మా ఇవాళ ఆటోలోనే వస్తామన్నారు, తన శనివారాల్లో ఇది చివరిది, ఎల్లుండి అంతోని వచ్చాక తను వెనక సీట్లో హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని కూర్చునే సామాను, పెట్రోలు బంకు దగ్గర ఆరోన్ ఆపాడు, గాలి చూపిస్తానన్నాడు, మొన్ననేగా చూపించారు అంటే మళ్ళీ చూపిస్తే తప్పేంటి అన్నాడు, ఆ విసుగులో ఏదో ఉంది, గాలి పట్టే పెద్దాయన ముందు ఎడం టైరు దగ్గర కూర్చుని గొట్టం తగిలించకుండానే తల ఎత్తి, సారూ, ఇది బయటి అంచు తినేస్తోంది, చక్రాల ఎలైన్‌మెంటు ఎప్పుడు చేయించారు అన్నాడు, ఈ మధ్యే అన్నాడు ఆరోన్, చాలా తొందరగా అన్నాడు, కేకు లేదు గానీ అదే గొంతు, శాలిని తలుపు తీసుకుని దిగింది, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని టైరు మీద అరచెయ్యి వేసింది, పాస్టరు గారి తర్వాత ఆ టైరు మీద చెయ్యి వేసింది తనేనేమో, బయటి అంచు అట్లపెనంలా నున్నగా ఉంది, లోపలి అంచు గరుగ్గా కొత్తదానిలా ఉంది, కుడి టైరు దగ్గరకు వెళ్ళి చూసింది, రెండంచులూ ఒకేలా ఉన్నాయి, చేతుల్లో లోపముంటే రెండు టైర్లకూ ఉండాలి కదా, ఇంత చిన్న మాట నెల రోజులుగా తనకెందుకు తట్టలేదు, ఫస్టు క్లాసట ఫస్టు క్లాసు, టైరును వంగి చూడమని ఎవరూ చెప్పలేదు గనక చూడలేదు, తన చేతులను చూసుకోమన్నారు, వాటినే చూసుకుంది, ఆటోనగర్ పక్కనే కదండీ, ఎలైన్‌మెంటు చూపించుకుని పోదాం అంది, కూటానికి ఆలస్యమవుతుంది అన్నాడు ఆరోన్, ఆలస్యమవుతుందమ్మాయ్ అంది వెనక నుంచి సువార్తమ్మ, శాలిని సీట్లో కూర్చుని, తలుపు మెత్తగా వేసి, సీటు బెల్టు పెట్టుకుని, మీ ఇష్టమండీ, కాకపోతే సోమవారం అంతోని కూడా ఎడమకే పోయాడనుకోండి, పాపం పదిహేనేళ్ళ అనుభవం, అతనికి కూడా చేతుల్లో లోపమే అనాల్సొస్తుంది అంది, ఆరోన్ బండి ఆటోనగర్ వైపు తిప్పాడు.

ఎలైన్‌మెంటు షెడ్డులో రామలింగం అనే మనిషి, ఆరోన్ కంటే పెద్దవాడే, కళ్ళజోడు నుదుటి మీద, మాట తక్కువ, బండిని నాలుగు స్తంభాల లిఫ్టు మీదకు ఎక్కించి అందర్నీ దిగమన్నాడు, సువార్తమ్మ దిగనంది, ఎక్కడానికి ఒక పీట, దిగడానికి ఒక పీట, మళ్ళీ ఎక్కడానికి ఇంకో పీట, నా మోకాళ్ళు నీ షెడ్డు కోసం పుట్టలేదు నాయనా అంది, రామలింగం ఆవిణ్ణి ఒకసారి, బండిని ఒకసారి చూసి, ఉండనీండమ్మా, కదలకుండా కూర్చోండి, మనుషులతో తిరిగే బండే కదా అని మీట నొక్కాడు, బండి మూలిగి మెల్లగా పైకి లేచింది, దానితో పాటు సువార్తమ్మా లేచింది, బైబిలు సంచీతో, పాటల పుస్తకంతో, వెనక కిటికీలోంచి తల బయట పెట్టి, చర్చిలో ప్రసంగ వేదిక మీద కూడా ఆవిడ అంత ఎత్తున ఎప్పుడూ కూర్చుని ఉండదు, శాలినికి నవ్వొచ్చింది, నవ్వితే ఇంటి దాకా ఆ నవ్వు లెక్కలో ఉంటుందని ఆపుకుంది, రామలింగం చక్రాలకు పళ్ళేల్లాంటివి తగిలించి కంప్యూటరు దగ్గరకు వెళ్ళాడు, తెర మీద నాలుగు చక్రాల బొమ్మలు, మూడింటి దగ్గర అంకెలు కాస్త అటూ ఇటూ, ముందు ఎడం చక్రం దగ్గర మాత్రం అంకె ఎర్రగా, పరీక్ష తప్పిన పిల్లాడి మార్కులా, స్ప్రింగులు మార్చారా సార్ అన్నాడు, మార్చాం అన్నాడు ఆరోన్, మార్చాక ఎలైన్‌మెంటు ఎక్కడ చేయించారు, ఆరోన్ తెర వంక చూశాడు, గోడ మీది క్యాలెండరు వంక చూశాడు, ఆ రోజు చేయించడం కుదరలేదు అన్నాడు, ఎంత చిన్నగా అన్నాడంటే పక్కన కంప్రెసరు ఆగకపోయి ఉంటే ఆ మాట శాలిని దాకా వచ్చేది కాదు, సరిగ్గా అప్పుడే ఆగింది.

కుదరలేదు, నెల రోజులు, కుదరలేదు, రామలింగం మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు, ఎత్తు మారిస్తే చక్రాల వాలు మారుతుంది సార్, విప్పిన బోల్టులు ఎలా పడితే అలా బిగిస్తే ఇంకా మారుతుంది, ఇది చూడండి, పైన బయటికి వాలిపోయింది, చక్రం ఎటు వాలితే బండి అటే పోతుంది, ఎవరమ్మా నడుపుతోంది దీన్ని, నేనే అంది శాలిని, ఎక్కడ తిరుగుతుంది, కాలవ గట్టు మీద, రామలింగం కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని తనను ఒకసారి చూశాడు, పానా తీసుకుని చక్రం దగ్గరకు వెళ్ళాడు, ఆ చూపు చాలు, కానీ చాలదు, శాలిని లోపల మాటలు తోసుకొస్తున్నాయి, ఇరవై మూడేళ్ళవి కూడా వాటితో పాటు వచ్చేస్తున్నాయి, అవన్నీ కాదు, ఇదొక్కటే అని వెనక్కి నెట్టింది, ఈయనకు మొదటి రోజు నుంచీ తెలుసు, ఆదివారాలు చర్చికి వెళ్తూ పక్కన కూర్చుని చెయ్యి గట్టిగా పట్టు శాలినీ అన్నప్పుడు తెలుసు, నీ చేతిలో ఏముంటే అది అన్నప్పుడు తెలుసు, లాకు దగ్గర్నుంచి ఫోను వెళ్ళినప్పుడు, అప్పుడు కూడా, నా వల్లే అని ఒక్క మాట నోట్లోంచి రాకపోయిందే, రావడానికి ఆయనకు ఎంత కష్టమో తనకూ తెలుసు, ఐదింటి ప్రార్థన కోసం పని ఎగ్గొట్టానని చెబితే అమ్మ ముందు, పాస్టరు గారి ముందు, పైగా ఇంజనీరు, అంత కష్టమైతే మరి తను మోసిందేంటి, ఆరోన్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం శాలినీ అన్నాడు, నాతో ఏముందండీ, నాకిప్పుడు తెలిసింది, పైనున్న ఆవిడకు చెప్పండి అంది.

ఏంట్రా అబ్బాయ్, ఏం కుదరలేదంటున్నావు, అంది సువార్తమ్మ పై నుంచి, ఆరోన్ తలెత్తాడు, ఆ ఎత్తు నుంచి చూస్తే కొడుకు ఆవిడకు పదేళ్ళవాడిలా కనపడి ఉండాలి, శాలినికే అలా కనపడ్డాడు, షెడ్డులో ఇద్దరు ముగ్గురు పని ఆపి చూస్తున్నారు, వాళ్ళు వినాలని శాలిని కోరుకోలేదు, వింటే బాధా పడలేదు, అమ్మా, అన్నాడు, ఆ రోజు మెకానిక్కు ఇక్కణ్ణించి తిన్నగా ఎలైన్‌మెంటుకే పొమ్మన్నాడు, ఐదైపోతోందని నేను వెళ్ళలేదు, తర్వాత చేయిద్దాంలే అనుకున్నా, ఈలోగా అందరూ శాలినిని అనడం మొదలుపెట్టారు, ఇక చెప్పలేకపోయాను, బండి లాగుతోందని నాకు తెలుసు, తప్పు నాదమ్మా, శాలినిది కాదు, నాదే.

సువార్తమ్మ బైబిలు సంచీ ఒళ్ళోకి లాక్కుని, మరి పాస్టరు గారి ప్రార్థనో అంది, రామలింగం కింద నుంచే, ప్రార్థన బాగానే పని చేసిందమ్మా, లేకపోతే ఈ చక్రంతో కాలవ గట్టు మీద నెల రోజులా అన్నాడు, ఆ మాటకు ఆవిడ ముఖం మారింది, లాకు దగ్గర ఆ నీళ్ళు గుర్తొచ్చాయేమో, కిటికీలోంచి ఇంకాస్త వంగి, అంతోనికి ఫోను చేసి రావద్దని చెప్పు, నువ్వే చెయ్యి, ఇప్పుడే చెయ్యి అంది కొడుకుతో, ఆరోన్ ఫోను తీసుకుని షెడ్డు బయటికి నడిచాడు, తెర మీద ఎర్ర అంకె ఒక్కసారి వణికి పచ్చబడింది, గెలిచినట్టు ఉండాలి కదా ఇప్పుడు, శాలిని వెతుక్కుంది, ఎక్కడా లేదు, ఉన్నది వేరే ఏదో, అమ్మాయ్, నిన్ను చాలా మాటలన్నాను అంటోంది సువార్తమ్మ పై నుంచి, చెయ్యి కిందికి చాపి, అందడం లేదు, వీళ్ళందరూ అన్నారు, నిజమే, వీళ్ళకు బండి సంగతి తెలియదు, ఆయనకు తెలిసీ చెప్పలేదు, కానీ బండి లాగుతున్నట్టు తన రెండు చేతులకూ ప్రతి శనివారం తెలుస్తూనే ఉంది, ఒక్కసారి చెప్పింది, రెండుసార్లు చెప్పింది, మూడోసారి వాళ్ళ మాట తన మాటైపోయింది, ప్రార్థన చెయ్యమని తన గురించి తనే రాసుకుంది, ఆ కారులో కూర్చున్న అందరికంటే ముందు తనను తను దింపేసింది, అది ఆరోన్ తప్పు కాదు, అత్తగారిదీ కాదు, అందని ఆ చేతిని అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచి, ఆవిడకు వినపడేలా అంది, మీరన్నారని కాదు అత్తయ్యా, నేను కూడా నమ్మేశాను, తప్పు నాక్కూడా ఉంది.